కాటా గది మలుపులో ఆరని లైట్లు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా తోడల్లుడు. కూరగాయల లారీ నడుపుతాడు. మనిషి తాడిచెట్టంత, గుండె ఆవగింజంత. చెప్పిందీ సగమే, ఆ సగమే ఊరంతా తిరిగింది. మిగతా సగం మా తమ్ముడి కూతురు చెప్పింది. రెండూ కలిపి చెబుతున్నాను. మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు.

క్వారీ రోడ్డులో మూతపడిన కాటా గది ఒకటుంది. ఒకప్పుడు రాళ్ళ లారీల్ని అక్కడే తూకం వేసేవాళ్ళు. ఇప్పుడు దానికి తలుపు లేదు, కిటికీకి అద్దం లేదు... రోడ్డు ఆ గదిని చుట్టుకుని గిర్రున తిరుగుతుంది. బళ్ళకి లైట్ల వైరింగు చేసే మా తమ్ముడు ఒక రాత్రి అక్కడ ఎవరిదో ఆగిపోయిన బండి బాగుచేసి, అలసటగా ఉందని ఆ గది గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయింది.

అప్పటినుంచి ఆ మలుపుకి చెడ్డపేరు. ఎలాంటి చెడ్డపేరనుకున్నారు! మా తమ్ముడు అదనపు లైట్లు బిగించిన బండి రాత్రిపూట ఆ మలుపు తిరిగితే చాలు — ఆర్పిన లైట్లు వాటంతటవే వెలుగుతాయట. ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయట. "మేస్త్రి వచ్చి కూర్చుంటున్నాడు" అన్నారు, మా తమ్ముణ్ణే.

వినగానే నాకు ఒళ్ళు మండింది. వాడి పద్ధతి తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. అదనపు లైట్లని వాడు దూరం దాకా కొట్టే హై బీమ్‌కే కలిపేవాడు. హై బీమ్ వేస్తే అవి వెలగాలి, ఎదురొచ్చేవాడి కోసం డిప్ కొట్టి వెలుగు కిందికి దించితే అవీ ఆరిపోవాలి. "వేరే స్విచ్చు పెట్టు మేస్త్రీ, నా ఇష్టమొచ్చినప్పుడు వేసుకుంటా" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేసేవాడు. ఎదుటివాడి కళ్ళ కోసం బేరాలు పోగొట్టుకున్నవాణ్ణి, చచ్చాక అదే నేరంలో నిలబెట్టారు.

బంపర్ల షాపాయన మాత్రం తెగ జాలిపడ్డాడు. లారీల ముందు ఇనప గార్డులు బిగించేది ఆయనే. "పోయినవాడి చేతిపని బండిలో ఉంచుకోకూడదండీ. పీకించెయ్యండి, కొత్తవి నేను పెడతాను" అన్నాడు. కొందరు పీకించేశారు కూడా. తమ్ముడి షెడ్డు ఇప్పుడు వాడి కూతురే నడుపుతోంది. ఇక మా తోడల్లుడి లారీ కూడా పోతే ఆ షట్టరు దించుకోవడమే.

ఒక సాయంత్రం మా తోడల్లుడు షెడ్డు ముందు ఆగి, ఎటో చూస్తూ చెప్పాడు.

"రేపు పొద్దున లైట్లు తీయించేస్తున్నానమ్మాయ్. ఏమీ అనుకోకు."

"అనుకుంటాను బాబాయ్. బాగా అనుకుంటాను." అమ్మాయి చేతిలో స్పానరు కింద పెట్టలేదు. "ఈ రాత్రి నన్ను అక్కడికి తీసుకెళ్ళు. మా నాన్న కనిపిస్తే నేనే మాట్లాడుకుంటా. కనిపించకపోతే మాత్రం, నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

ఆడపిల్ల వస్తానంటే తాను రానని ఎలా అంటాడు? బయల్దేరాడు.

రోడ్డు మీద మరో పురుగు లేదు. హై బీమ్ వేస్తే అదనపు లైట్లు కూడా వెలిగి దారి పట్టపగల్లా ఉంది. కాటా గది కనబడగానే తోడల్లుడు డిప్ కొట్టాడు. అదనపు లైట్లు బుద్ధిగా ఆరిపోయాయి.

"చూశావా, ఆరాయి" అంది అమ్మాయి.

"ఉష్... ఇంకా మలుపు రాలేదు."

మెల్లగా స్టీరింగు తిప్పాడు... ఇంకా తిప్పాడు... చివరికంటా తిప్పాడు —

భగ్గుమన్నాయి.

గది గోడ తెల్లగా వెలిగిపోయింది. ఆ గోడకి ఆనుకుని... నల్లగా... ఎవరో కూర్చున్నట్టు...

తోడల్లుడు బ్రేకు మీద నిలబడ్డాడు. ఇంజను ఆపేశాడు. లైట్లు ఆరలేదు. తాళం పీకి గుప్పిట్లో బిగించుకున్నాడు.

అయినా ఆరలేదు.

"అమ్మాయ్..." గుప్పిట విప్పి చూపించాడు. "తాళం... నా చేతిలోనే ఉంది..."

అమ్మాయికీ చెమట పట్టింది. అబద్ధం ఎందుకు, ఆ మాట తనే నాతో చెప్పింది. రెప్ప వెయ్యకుండా గోడ వైపే చూసింది. చూసి, చూసి — "తడి మరక బాబాయ్ అది. కప్పు కారి గోడ నల్లబడింది."

"మరి లైట్లో?"

అప్పుడు కనబడింది ఆ పిల్లకి. స్టీరింగు వెనక, హై బీమ్ వేస్తేనే వెలిగే చిన్న నీలం దీపం. ఇంజను లేదు, తాళం లేదు, స్విచ్చు డిప్ మీదే ఉంది. ఆ దీపం మాత్రం వెలుగుతోంది.

"దెయ్యానికి నీలం దీపంతో ఏం పని బాబాయ్? కరెంటు ఎక్కడినుంచో దొంగదారిన హై బీమ్‌లోకి వస్తోంది. స్టార్ట్ చెయ్. స్టీరింగు తిన్నగా పెట్టు."

"నా వల్ల కాదు..."

"జరుగు అయితే."

తనే స్టార్ట్ చేసి స్టీరింగు తిన్నగా తిప్పింది. లైట్లు ఆరాయి. మళ్ళీ చివరికంటా తిప్పింది. వెలిగాయి. ఆరాయి... వెలిగాయి... ఆరాయి...

"చూడు, నేను ఆడమన్నట్టల్లా ఆడుతోంది మీ దెయ్యం!"

తోడల్లుడు మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతూనే ఉన్నాడు. "మేస్త్రీ, నీ లైట్లు పీకించనయ్యా, నన్నొదిలెయ్!"

స్టీరింగు తిప్పే ఉంచి, ఇంజను ఆపి, అమ్మాయి టార్చి పట్టుకుని లారీ కిందికి దూరింది.

తరవాత కింది నుంచి తిట్లు వినబడ్డాయి. అవి ఇక్కడ రాయను.

సంగతేమిటంటే, మా తమ్ముడు వైర్లని పైన చట్రానికి క్లిప్పులతో బిగించాడు. బంపర్ల షాపాయన తన ఇనప గార్డుకి అడ్డొచ్చాయని ఆ క్లిప్పులు కోసేశాడు. కోసినవాడు తిరిగి బిగించలేదు. తాళం తీసినా కరెంటు పోని బ్యాటరీ వైరు, హై బీమ్ వైరు జంటగా జారి స్టీరింగు రాడ్డు పక్కన వేలాడాయి. స్టీరింగు చివరికంటా తిప్పినప్పుడల్లా రాడ్డు వాటిని ఒరుసుకుని, పైతొడుగులు అరిగి, లోపలి రాగి ఒకదానికొకటి తగులుతోంది. ఆ రోడ్డులో అంత తిప్పాల్సిన మలుపు అదొక్కటే. పగలు షెడ్ల ముందు తిప్పినా ఎండలో ఎవరు చూస్తారు? లైట్లు వాటంతటవే వెలిగిన బళ్ళన్నీ తమ్ముడు పోయిన తరవాత ఆయన దగ్గర గార్డులు వేయించుకున్నవే. దెయ్యం పుట్టింది కాటా గదిలో కాదు, ఆ షాపులో.

అమ్మాయి నల్లటి చేతులతో బయటికొచ్చింది.

"అయితే..." తోడల్లుడు ఇంకా గుసగుసగానే అడిగాడు, "మేస్త్రి ఇక్కడ లేడా?"

"ఉంటే వైరు ఇలా వేలాడనిస్తాడా బాబాయ్? మా నాన్న దెయ్యమైనా సరే, ముందు క్లిప్పులు బిగించి, ఆ తరవాతే నిన్ను భయపెట్టేవాడు."

అక్కడే టేపు చుట్టి, వైర్లు పైకి కట్టి, మళ్ళీ మలుపు తిప్పించింది. చీకటి చీకటిలాగే ఉంది.

మా తోడల్లుడు తాళం పీకినదాకా చెప్పి ఆపేస్తాడు. తరవాత దణ్ణాలు పెట్టిన సంగతి ఆయన నోట రాదు కదా. బంపర్ల షాపాయన మాత్రం ఇవాళ్టికీ "మేస్త్రి బళ్ళు" అంటూ తల ఊపుతున్నాడట. ఆయన గడప తొక్కనని నేను ఒట్టు పెట్టుకున్నాను. మీలో ఎవరికైనా అటు పనిపడితే, నలుగురు ఉన్నప్పుడు, ఆయన ఎదురుగా నిలబడి ఇది మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదవండి. కోసిన క్లిప్పుల దగ్గర కాస్త ఆగి, రెండోసారి కూడా చదవండి.