సీసా మెడలోని మడ్డి

శుక్రవారం పొద్దున్న తెరెసా ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే సామాన్ల గదిలో ఏదో ఢామ్మని పేలింది. పరుగెత్తి చూస్తే పదకొండేళ్ల కూతురు డయానా అరచేతి నిండా రక్తం. గోడంతా ద్రాక్షరసం నురుగు.

తెరెసా భర్త ఏబెల్ దోహాలో పెద్ద హోటల్లో అతిథులకి మద్యం వడ్డించే స్టీవార్డు. ఫ్రాన్సులోని షాంపేన్ సీమ నుంచి వచ్చిన మేనేజరు చెప్పే కబుర్లు విని మోజులో పడ్డాడు. అక్కడ బిరడా బిగించిన సీసాలోనే ద్రాక్షసారా రెండోసారి పులిసి బుడగలు పుడతాయట. సుద్దరాతి నేలమాళిగల్లో సీసాల్ని తలకిందులుగా వంచి, రోజూ చేత్తో కాస్తకాస్త తిప్పితే మడ్డంతా మెడలోకి దిగుతుందట. తాతల నాటి విద్యట. దోహాలోనే అల్ సద్ పేటలో ఉన్న తమ చిన్న ఫ్లాట్‌లో తనూ అలా ఎనిమిది సీసాలు పెట్టాడు.

"ఈ దేశంలో ఇంట్లో సారా చేస్తే నేరమండీ! జైల్లో వేసి, తర్వాత ఇంటికి పంపేస్తారు" అని అప్పట్లోనే తెరెసా మొత్తుకుంటే, అన్నీ పారబోశానన్నాడు.

"పిల్లకి ఈ గదిలో ఏం పని?" గాయానికి గుడ్డ చుడుతూ, వెనకే పరుగెత్తుకొచ్చిన ఏబెల్‌ని అడిగింది తెరెసా.

ఏబెల్ వంగి గాజుపెంకులు ఏరసాగాడు.

"నాన్న డ్యూటీకెళ్తే నేనే తిప్పుతానమ్మా" అంది డయానా.

"పారబోశానని నాతో చెప్పి, దీని చేతిలో పెట్టారా? మా నాన్నని సారా మింగేసింది. మీరు తాగరనేగా చేసుకున్నాను!"

"చుక్క ముట్టలేదు తెరెసా. ఎవరో చేసింది ఎవరికో పోయడమేనా నా బతుకు? ఒక్కటైనా నా చేత్తో చేద్దామని..."

"మీ చేతులేమయ్యాయి మరి?"

తెరెసా నర్సుగా చేసే క్లినిక్‌కే తీసుకెళ్లారు. ఎలా తెగిందని డాక్టరు ముఖ్తార్ అడిగాడు.

"పెప్సీ సీసా జారింది, డాక్టర్" అంది డయానా, తడుముకోకుండా.

ఆ అబద్ధం ఎవరూ నేర్పలేదు. ఆరు కుట్లు పడుతున్నంతసేపూ తెరెసా కూతురి మొహంలోకి చూడలేకపోయింది.

ఇంటికి రాగానే ఏబెల్ మిగతా ఏడు సీసాలూ సింకులో ఒంపేశాడు.

"ఇంక నేను తిప్పక్కర్లేదుగా నాన్నా?"

"నీకిష్టమే కదే తల్లీ?"

"భయమేసేది. ఆ షాంపేన్ ఊరి కబుర్లు చెప్పేటప్పుడు నువ్వు నవ్వుతావుగా. అందుకే చెప్పలేదు."

ఏబెల్ సింకు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తెరెసా ఓదార్చలేదు. ఆమెకి మనసు రాలేదు. కాసేపటికి గోడ తుడవడానికి రెండు తడిగుడ్డలు తెచ్చి, ఒకటి అతని చేతిలో పెట్టింది.