మూలుగుల పల్లం

ఆ పొలంలో దిగువ మూలని మూలుగుల పల్లం అనేవారు. చీకటి పడితే అటు ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. వాన వెలిసిన సాయంత్రాల్లో నేల లోపలి నుంచి ఎవరో మూలిగేవారట. ఒక్కోసారి తుప్పల మధ్య ముసుగు కప్పుకుని ఒక ఆకారం కూర్చునేదట. మేక తప్పిపోయి అటు దూరితే మేకని వదులుకున్నారే గానీ, వెతకబోయిన వాళ్ళు లేరు.

ఇది మా తమ్ముడు చెప్పిన సంగతి. వాడు మట్టి తవ్వే బండి డ్రైవరు. తుప్పలు కొట్టడం, నేల చదును చేయడం, నీరు నిలిచే చోట కాలవ తియ్యడం వాడి పని. ఈ మధ్య నాకు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే గుర్తుండటం లేదు. అందుకే వాడు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పెడుతున్నాను.

ఆ పొలం ఆసామి వాణ్ణి పిలిపించి ముందు పొలంలోనే ఎగువన ఉన్న ఇల్లు చూపించాడట. వెనక గది గోడ నిలువునా బీట ఇచ్చింది. ఆ గదిలోనే ఆయన కూతురు నెలల బిడ్డతో పడుకుంటోంది.

"పునాది కింద ఎప్పుడూ తడే. పల్లంలో తుప్పలు తీసి, తవ్వి, నీళ్ళు పొలం చివరి కాలవలోకి పంపాలి. దెయ్యాలంటే భయమా నీకు?"

"నా బండి మోతకి దెయ్యాలే ఇల్లు మారతాయి బాబాయ్."

వంటింటి గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ తలెత్తింది. ఆసామికి వదిన. ఆయన అన్న ఎప్పుడో పోయాడు.

"తుప్పలు కొట్టు బాబూ. తవ్వకం మాత్రం పెట్టుకోకు. ఆ చోటు మంచిది కాదు."

ఆసామి గొంతు తగ్గించాడు. "మా వదిన మాట కాదంటే ఇంట్లో అన్నం పుట్టదు. కానీ ఆ గోడ కూలితే తినడానికి మనుషులుండరు. నువ్వు కానివ్వు."

మొదటి రోజు తుప్పలు కొట్టేసరికే మధ్యాహ్నమైంది. ఆపైన వాన. బండి పల్లంలో దిగబడింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. కింద రాళ్ళేసి, కర్రలేసి తంటాలు పడుతుంటే పొద్దు కుంకింది. వాన వెలిసింది. ఇంజను ఆపి, నుదురు తుడుచుకున్నాడు.

అప్పుడు వినిపించింది...

హూ... హూ... మ్‌మ్...

కాళ్ళ కిందే. రెండు మూలుగులు, మూడోది సగంలో తెగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి. మా వాడికి ఒళ్ళు జలదరించింది. తల మెల్లిగా తిప్పాడు.

కొట్టేసిన తుప్పల అవతల... ముసుగు కప్పుకుని... నేలకి చెవి ఆన్చి... ఒక ఆకారం.

టార్చి వేశాడు.

"దీపం ఆర్పు బాబూ," అంది ఆ ఆకారం, గుసగుసగా. "నన్ను విననీ."

పెద్దావిడ.

టార్చి ఆర్పితే ధైర్యమూ ఆరిపోతుందని వాడు ఆర్పలేదు. పార తీసుకుని ఆ మూలుగు వచ్చే చోట మట్టి తోడాడు. మోచేతి లోతున ఒక మట్టి గొట్టం తగిలింది. దాని చివర బురదతో పూడిపోయి ఉంది. అంత భయంలోనూ నవ్వొచ్చిందట వాడికి.

"గొట్టం అమ్మా ఇది. పైనుంచి నీళ్ళు చేరుతున్నాయి, పోయే దారి లేదు. లోపలి గాలి అతుకుల్లోంచి తన్నుకుని వస్తోంది, అంతే."

"నాకు తెలుసు."

వాడి నవ్వు పోయింది.

"మా ఆయన వేసిన గొట్టాలే అవి. నేను కాపరానికి వచ్చినప్పుడు వంటింటి గుమ్మం ముందు ఎప్పుడూ నీళ్ళే. నా కాళ్ళు నాని పాసిపోయేవి. అందుకని గుమ్మం దగ్గర మొదలుపెట్టారు."

"కింద, కాలవ దగ్గర మొదలుపెట్టి కదమ్మా పైకి రావాలి? లేకపోతే వేసినంత మేరా నీళ్ళు నిలిచిపోవూ?"

"అందరూ అదే అన్నారు. నవ్వారు కూడా. 'ముందు మా ఆవిడ కాళ్ళు ఆరనివ్వండి, కాలవ ఎక్కడికి పోతుంది' అనేవారు. ఇక్కడిదాకా వచ్చారు. జ్వరం తగిలింది..." ఆవిడ అక్కడ ఆగింది. "పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీసేవారు. మొహం అంటే ఫోటోలో ఉంది బాబూ. గొంతు ఎక్కడుంది? నాకు జారిపోతోంది. ఇది విన్నప్పుడు కాస్త చేతికి అందుతుంది. ఎవరూ తవ్వకూడదని దెయ్యం ఉందన్నది నేనే. మూలుగుల పల్లమన్నదీ నేనే."

తడి నేల మీద ఇద్దరూ కూర్చున్నారు. హూ... హూ... మ్‌మ్...

మా వాడికి చెప్పబుద్ధి కాలేదు. చెప్పకుండా ఉండటానికీ మనసొప్పలేదు.

"అమ్మా... ఈ గొట్టంలో నిలిచిన నీళ్ళే వెనక్కి ఎగదన్ని పునాది కిందికి పోతున్నాయి. గోడ బీటకి కారణం ఇదే."

ఆవిడకి అది తెలీదు. చాలాసేపు నేల మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు అలాగే ఉంచింది.

"పసిదాని ఉయ్యాల ఆ గోడ పక్కనే కదూ," అంది చివరికి. లేచి చీర దులుపుకుంది. "రేపు కలిపెయ్యి బాబూ. ఆయన పని అలాగే మిగిలిపోయింది."

మర్నాడు వాడు కాలవ దగ్గర మొదలుపెట్టి, వాలు చూసుకుంటూ పైకి వచ్చి, పాత గొట్టానికి కొత్తది కలిపాడు. పూడిక లాగేసరికి ఇన్నేళ్ళ నీరు నల్లగా, ఒక్క ఊపున దూకింది. తర్వాత తేటపడింది. ఆవిడ గట్టు మీద నిలబడి కాసేపు విన్నది.

"ఇది ఆయన కాదు," అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎండాకాలంలో వాడు పని మీద అటు వెళ్ళాడట. పల్లం లేదు. అంతా చదునైన చేను. గోడ బీట పూడ్చేశారు. వాన చుక్క చూసి నెలలైంది. కాలవలో గొట్టం మూతికి అడ్డంగా సాలెగూడు, లోపల పొడి మట్టి. మసక చీకట్లో దాని ముందు వంగినవాడు అలాగే ఉండిపోయాడు. లేచి, వెనక్కి చూడకుండా ఇంటి వైపు నడిచాడు.

ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది, పొడి నేల మీద కాళ్ళు చాపుకుని.

"ఏమిటి బాబూ, మొహం అలా ఉంది? దెయ్యాన్ని చూశావా?" అంది, వేళాకోళంగా.

"అమ్మా... మీకు వినిపించడం లేదా? ఇక్కడికీ వినిపిస్తోందే."

ఆవిడ తల వంచి చెవి ఒగ్గింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"లేదు," అంది. "నాకేం లేదు... నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

"మూలుగు కాదమ్మా. పాటే. మెల్లిగా... ముందు చిన్నగా దగ్గుతున్నాడు, రెండుసార్లు. గొంతు సవరించుకుని అప్పుడు ఎత్తుకుంటున్నాడు."

ఆవిడ చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది.

"గొట్టం ఎప్పుడూ దగ్గలేదు బాబూ," అంది. "దగ్గేది ఆయన. పాట ఎత్తుకునే ముందు... అది నేను మరిచేపోయాను."