లోపలినుంచి మూసిన గోడ

భోగాపురానికి అవతలున్న ఆ పాత ఊళ్లో మొదట ఉన్నది ఒక్కటే వీధి. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనించి కట్టుకున్నారు, మధ్యలో పిల్లి దూరే చోటు కూడా వదల్లేదు. తరవాత వచ్చిన సందులన్నీ చచ్చినవాళ్లు పెట్టినవే. చెడు నక్షత్రాన ప్రాణం పోతే అక్కడ శవాన్ని గుమ్మంలోంచి తియ్యరు, పెరటిగోడకు కన్నం కొట్టి తీస్తారు. దహనం అయ్యాక, దీపాలవేళకు ఆ కన్నాన్ని బయటినుంచి మూసి, ఇంటికి తాళం పెట్టి, ఆర్నెల్లు అటు తొంగి చూడరు. లోపలినుంచి మూస్తే పోయినవాళ్లు లోపలే చిక్కుకుని, పక్కగోడల్లోంచి దారి చేసుకుంటారని నమ్మకం. అలా దారిపడ్డ ఇళ్లే సూరయ్య సందు, చిన్నతల్లి సందు అయ్యాయి. ఊరు కొలవడానికొచ్చిన సర్వేయరు ఆ వంకరలు చూసి తల పట్టుకుని పోయాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం శ్రావణం ముసురులో జగన్నాధం తల్లి దేముడమ్మ ధనిష్ఠ నక్షత్రాన పోయింది. తల్లి లేని మనవరాలు పార్వతిని గుండెల మీద పెట్టుకుని పెంచిన మనిషి. "దీన్నొదిలి నానెక్కడికీ ఎల్లనురా జగ్గా" అంటూనే కన్నుమూసింది. ఆ మాటే జగన్నాధాన్ని పీక్కుతింటోంది. అతనికి మిగిలింది ఆ నాలుగేళ్ల పిల్లే.

రాత్రుళ్లు తల్లి పక్కన మేలుకుని, పాడె మోసి, చితి దగ్గర తడిసి వచ్చేసరికి ఒంట్లో ఓపికన్నది లేదు. పిల్లను పక్కింట్లో మేనత్త సుభద్రమ్మ దగ్గర పడుకోబెట్టి, కన్నం మూయడానికి వెళ్లాడు. పెరట్లో మోకాలిలోతు బురద. ఇంట్లో నేల పొడిగా ఉంది. లోపలే చతికిలబడి ఇటుక మీద ఇటుక పేర్చి, మట్టి మెత్తాడు. చీకటి చిక్కబడింది. పసుపు వాసన, తడి బూడిద వాసన. వెనక ఎవరో నిట్టూర్చినట్టయింది. తిరిగి చూసే ఓపిక కూడా లేక, వీధిగుమ్మంలోంచి బయటికొచ్చి తాళం వేశాడు.

పక్కింటి అరుగు మీద సుభద్రమ్మ లాంతరు పెట్టుకుని కూచుంది.

"మూసీసినావా?" గుసగుసగా అడిగింది.

"మూసీసినానత్తా."

"బయట్నించే కదా?"

జగన్నాధం తాళం వేసిన తలుపుకేసి చూశాడు.

"ఒరే... ఒదిన్ని నోపలెట్టి తాళం ఏసినావేట్రా!"

లాంతరు లాక్కుని అత్త ఇంట్లోకి పరిగెత్తాడు.

పార్వతి చాప మీదే ఉంది. దుప్పటి కింద ఊపిరి ఆడుతోంది. హమ్మయ్య అనుకుని అక్కడే కూలబడ్డాడు. పిల్ల ఉంది, ఇంకేం కావాలి?

అప్పుడు గాలి తగిలింది. చల్లగా... గోడవైపు నుంచి.

లాంతరెత్తాడు. గోడకు మనిషి పట్టేంత కన్నం. అవతల ఉండాల్సింది తన ఇల్లే, ఇప్పుడే తాళం వేసిన ఇల్లు. లేదు. సందు. పొడుగ్గా... తడిగా... చివర కనబడకుండా.

బురదలో అడుగులు. పెద్దవీ చిన్నవీ పక్కపక్కనే వెళ్లాయి. తిరిగొచ్చినవి... పెద్దవే. కన్నం దాటి, గచ్చు మీదుగా, చాప దాకా.

దుప్పటి కదిలింది. పార్వతి ముఖమే. పార్వతి కళ్లే. చిన్న చెయ్యి పైకి లేచి అతని తల నిమిరింది.

"అలిసిపోనావురా జగ్గా," అంది. "తొంగో."

జగన్నాధానికి నిజంగానే నిద్ర ముంచుకొచ్చింది.