ఒక్కరికే సరిపోయే పడవ

భుజం మీద మోసుకొచ్చిన తెరచాపను అతను షాపు నేలమీద పరవగానే, షాపులోని అమ్మాయి వంగి బొటనవేలితో ఒక్క పోటు పొడిచింది. వేలు అవతలికి వచ్చేసింది.

"ఇది తెరచాప కాదు, జల్లెడ," అంది.

"జల్లెడైతే పిండి జల్లించుకుంటాను. ఇటివ్వండి టైలరు గారూ."

ఆమె ఇవ్వలేదు. తను టైలర్ని కాదనీ, ఈ రేవులో తెరచాపలు కుట్టడం తెలిసింది తనకూ తన పిన్నికీ మాత్రమేననీ, ఆ మాట తెలియకుండా షాపులోకి వచ్చినవాడికి పడవ నడపడం ఏపాటి తెలుసో అనుమానంగా ఉందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. విని, క్షమించమన్నాడు. తిట్టినవాడు క్షమించమంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. తిట్లు తిన్నవాడే అనేసరికి తోచలేదు.

అతను రెండేళ్ళుగా చిన్న పడవలో దీవుల వెంట తిరుగుతున్నాడు. పడవకు ఇంజన్ ఉంది కానీ పేరుకే. డీజిల్ పోయించే స్తోమత లేదు కాబట్టి గాలే దిక్కు. అవతలి దీవుల వైపు వీచే గాలి ఇంకో మూడు వారాలే ఉంటుంది. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు ఎదురుగాలి. ఈలోగా తెరచాప చేతికి రాకపోతే ఇక్కడే చిక్కుకుపోతాడు.

కొత్త గుడ్డ కొనే శక్తి అతనికి లేదు. అటక మీద పెద్ద పడవల వాళ్ళు వదిలేసిన పాత తెరచాపలు రెండు ఉన్నాయి. వాటిని కోసి కలిపితే ఒకటి వస్తుందని పిన్ని లెక్క వేసింది. బదులుగా షాపు పైకప్పు బాగుచెయ్యమంది. ఒప్పందం కుదిరింది.

"ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న. తెరచాప చేతికొచ్చేదాకే ఈ వినయాలన్నీ," అని పిన్ని ఆమె చెవిలో వేసింది.

అతను పైకప్పు మీద రేకులు కొడుతూ, ఆమె కింద గుడ్డ కోస్తూ తొమ్మిది రోజులు గడిచాయి. కన్నం పూడ్చేముందు ప్రతిసారీ అందులోంచి కిందకు చూసేవాడు. వాన ఎక్కడ కారుతుందో చూస్తున్నానని చెప్పేవాడు. వాన కారే చోటల్లా ఆమె తల మీదుగానే ఉండటం పిన్ని గమనించింది కానీ పైకప్పు అయ్యేదాకా ఊరుకుంది.

ఒకరోజు నిజంగానే వాన దంచి కొట్టింది. రేవంతా లోపలికి పరుగెత్తితే అతనొక్కడు బయటికి పరుగెత్తాడు. తెడ్ల పడవలో తన పడవ దగ్గరికి వెళ్ళి, పైన టార్పాలిన్ కట్టి, దాని మూల కింద డబ్బా పెట్టాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చి, పన్నెండు రోజులకు సరిపడా తాగే నీళ్ళు దొరికాయని పండగ చేసుకుంటున్నట్టు చెప్పాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. ఆ రోజు కుట్టు రెండుచోట్ల వంకర పోయింది.

ఆ తర్వాత తన పడవ బతుకు గురించి అడక్కుండానే చెప్పేవాడు. రేవులో కట్టుకుంటే అద్దె ఇవ్వాలి కాబట్టి దీవి చాటున లంగరేస్తాడు. పడవ వెనక గాలం వదిలితే మధ్యాహ్నానికి కూర. ఉప్పునీళ్ళతో స్నానం, చివర్లో ఒక్క చెంబు వాననీళ్ళు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే నీళ్ళ అడుగున లంగరు గొలుసు గొలుసంతా కనిపిస్తుంది. మరీ బాగున్న చోట పక్కకు తిరిగి ఏదో చెప్పబోతాడు. పక్కన నీళ్ళ డబ్బా ఉంటుంది.

ఆమె కుట్టిన తెరచాపలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఆమె మాత్రం రేవు గట్టు చివరిదాకే వెళ్ళింది. ఈత రాదు. కాళ్ళ కింద ఊగితే కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి అతనితో ఒకసారి చెప్పింది. చెప్పినందుకు రాత్రంతా తనను తాను తిట్టుకుంది.

తెరచాప పూర్తయింది. అతను కట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, అద్భుతం అన్నాడు. ఆమె గట్టు మీద నిలబడి అంతా చూసింది. తెరచాప వెనక అంచు ఒడ్డున పడ్డ చేప తోకలా కొట్టుకుంటూనే ఉంది.

"అబద్ధం చెప్పడం కూడా రాదు మీకు," అంది. "బాలేకపోతే బాలేదని చెప్పాలి. నన్ను నొప్పించకూడదని మీరు ఊరుకుంటే, అది సముద్రం మధ్యలో చిరుగుతుంది. అప్పుడు నాకెంత బాగుంటుంది?"

అతను తల వంచుకున్నాడు. నేలమీద కొలత వేరు, గాలిలో కొలత వేరు. పాత గుడ్డ గాలి నిండితే సాగుతుంది. ఎంత సాగుతోందో దగ్గర్నుంచి చూస్తే తప్ప సరిచెయ్యడం కుదరదు. అందుకని, బతుకులో మొదటిసారి, ఆమె పడవ ఎక్కింది.

ఎక్కాక కూర్చోవడానికి చోటు దొరకలేదు. తాళ్ళన్నీ ఒక మనిషి చేతికి అందేలా ఒకే పక్కకు కట్టి ఉన్నాయి. ఒక కప్పు, ఒక కంచం, లోపల ఒక పడక. మిగతా చోటంతా నీళ్ళ డబ్బాలు. పడవ మలుపు తిరిగినప్పుడల్లా, కాస్త లేస్తారా అని అతను బతిమాలేవాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని లేచేది.

ఒకసారి కళ్ళు తెరిచేసరికి తెరచాప నిండుగా ఉంది. తను చేత్తో కుట్టిన ప్రతి కుట్టూ బిగుసుకుని నిలబడింది. పడవ ముందుకు వంగి పరుగెత్తింది. ఆమె భయపడటం మర్చిపోయింది. అతను తెరచాపను చూడటం మర్చిపోయాడు.

అంచు మడతలో సన్నతాడు దూర్చి బిగిస్తే సరిపోతుందని తేల్చింది. దిగేముందు అతను, గురువారం బయల్దేరతానన్నాడు. ఆమె కాసేపు ఆగింది. నువ్వూ రా అంటాడేమోనని ఆగింది. అతను తన ఒక్క కప్పును చేతిలో తిప్పుతూ దానికేసే చూస్తున్నాడు. ఒక్కరికే కట్టుకున్న పడవ, ఇంకేమంటాడు అనుకుని దిగిపోయింది.

బుధవారం తెరచాప తీసుకెళ్ళాడు. గురువారం మంచి గాలి వీచింది. రేవులో ఉన్న పడవలు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. అతని పడవ కదల్లేదు. శుక్రవారమూ కదల్లేదు. అతను షాపుకూ రాలేదు. ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చుని కుట్టింది.

ఆ పై వారం షాపు తలుపు ఎదురువైపుకు కొట్టుకోవడం మొదలైంది. గాలి మారిపోయింది.

"గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవద్దని నీకు చెబుదామనుకున్నాను," అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ. "కానీ ఈ కంప గాలి వచ్చినా పోలేదు. వెళ్ళి ఎందుకో కనుక్కో."

"నేనెందుకు వెళ్ళాలి?"

"తొమ్మిది రోజులు పైకప్పు కన్నంలోంచి నిన్ను చూసినవాడు, ఇప్పుడు కనబడకుండా కూర్చున్నాడంటే ఏదో ఉంది. మంచివాడే. నాకు నచ్చాడు. ఇంక నువ్వూ అతనూ తేల్చుకోండి, నాకు బోలెడు పని ఉంది."

చేపలమ్మే అక్క తెడ్ల పడవలో ఆమె రెండు అంచులూ పట్టుకుని అతని పడవ దగ్గరికి వెళ్ళింది. దూరం నుంచే రంపం చప్పుడు వినిపించింది. పైకెక్కి లోపలికి తొంగి చూస్తే అతని జుట్టు నిండా రంపపు పొట్టు. నీళ్ళ డబ్బాలన్నీ పైకి చేరాయి. అవి ఉన్న చోట, పాత పడక ఎదురుగా, కొత్త పడక ఒకటి సగం తయారై ఉంది.

"గాలి పోయింది," అంది ఆమె.

"తెలుసు."

"ఇంక ఆర్నెల్లదాకా వెళ్ళలేరు."

"ఊఁ. వెళ్ళలేను."

"ఎవరి కోసం ఇది?"

అతను రంపం కింద పెట్టాడు.

"ఆ రోజే అడుగుదామనుకున్నాను. మిమ్మల్ని కూర్చోమనడానికే చోటు లేదు, రమ్మని ఎలా అడుగుతాను? ముందు చోటు చేసి, అప్పుడు అడుగుదామనుకున్నా. గాలి ఉండగానే అయిపోతుందనుకున్నాను. నాకు వడ్రంగం అంత బాగా రాదు."

"నేను రానంటే?"

"అంటే నా పక్కన ఖాళీ పడక ఉంటుంది. నీళ్ళ డబ్బాకన్నా నయమే."

ఆమె చెక్క మీద పొట్టును అరచేత్తో తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఆర్నెల్లలో ఈత వస్తుందా అని అడిగింది. తను నేర్పిస్తే నాలుగు వారాలు చాలన్నాడు. కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలని అడిగింది. దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండాలన్నాడు, తనకూ మొదటి నెలంతా తిరిగాయన్నాడు. పిన్ని ఒక్కతే అయిపోతుందంది. ప్రతి వర్షాకాలానికీ ఇక్కడికే వచ్చి లంగరేద్దాం, పైకప్పు ఎలాగూ మళ్ళీ కారుతుంది అన్నాడు.

అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆమె చెప్పులు విడిచి, కొత్త పడక మీద వెల్లకిలా పడుకుంది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పనా?"

"చెప్పు."

"నాలుగు వేళ్ళు పొట్టి. దీవి దీవికీ ఇలా కాళ్ళు ముడుచుకునే రావాలా నీతో?"

అతను చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు.

"చాపు," అన్నాడు. "గుర్తు పెట్టుకుంటాను."

ఆమె కాళ్ళు చాపింది.