రోమ్ దాటని పుస్తకం

బెర్నిస్ లిండ్‌క్విస్ట్ జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు. అనుమానముంటే ఆవిడనే అడగండి. ఒకసారి చుట్టాల పెళ్ళికి బయలుదేరి, దారి తప్పి, కుటుంబాన్నంతా పక్క రాష్ట్రం అర్కాన్సాలో తేల్చినప్పుడు, "ఈ కొండలు మీకు చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అంది. బ్రెడ్డు పొంగకపోతే పిండికి బుద్ధి లేదు. కోళ్ళు గుడ్లు పెట్టకపోతే, వాటిని అమ్మినవాడి పెంపకం మంచిది కాదు.

ఈ గుణం తనకి రాలేదని ఆవిడ పెద్దకూతురు వెరిటీ నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఒప్పించడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.

బెర్నిస్ తన పిల్లల్ని ఎవర్నీ బడికి పంపలేదు. మిస్సోరీలో, ఊరికి దూరంగా ఉన్న ఆ ఇంట్లో, వంటింటి బల్లే వాళ్ళ బడి. చరిత్రకి ఒకే పుస్తకం. దాని లావు చూసి చుట్టుపక్కల ఇళ్ళలో చదువు చెప్పుకునే తల్లులంతా దాన్ని ఇటుక అనేవారు. ప్రతి సెప్టెంబరులోనూ ఇటుక ఈజిప్టుతో మొదలయ్యేది. ఆ ఏడు కొత్తగా బల్ల దగ్గరకొచ్చిన చిన్నవాడికి మొదటినుంచీ తెలియాలి కదా! క్రిస్మస్‌కి గ్రీకులు. ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదికీ జలుబు. వసంతానికి రోమ్, ఆ వెంటనే టమాటా నారు. నారు దిగిందంటే చరిత్ర ఆగిపోయినట్టే. మళ్ళీ సెప్టెంబరు, మళ్ళీ ఈజిప్టు.

శవాన్ని మమ్మీగా ఎలా చుడతారో వెరిటీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ప్రపంచ యుద్ధాల గురించి మాత్రం కాలేజీకి వెళ్ళాకే తెలుసుకుంది. అందులో పుస్తకం తప్పేమీ లేదు, తమ్ముళ్ళ జలుబుదే తప్పు.

అందుకే, ఇంటి చదువుల కుటుంబాలు నడుపుకునే కోఆప్‌లో హైస్కూలు పిల్లలకి చరిత్ర క్లాసు తీసుకుంటావా అని అడగ్గానే ఆమె ఒప్పుకుంది. మే నెలలో చర్చి హాల్లో పాత పుస్తకాలు అమ్ముతుంటే, క్లాసుకి మరో ఇటుక కావాలని వెళ్ళింది. దొరికింది. కానీ దాని అవతలి అంచు ఇంకొకరి చేతిలో ఉంది.

"వదలండి," అంది వెరిటీ.

"మీరు వదిలితే నేనూ వదుల్తా," అన్నాడతను. పొడుగ్గా, దువ్వెన మొహం చూడని జుట్టుతో ఉన్నాడు.

"నేను కొనడానికి పట్టుకున్నా."

"నేను చివర్లో ఏముందో చూడ్డానికి పట్టుకున్నా."

"చరిత్ర పుస్తకానికి చివరేమిటండీ? ఇదేమైనా డిటెక్టివ్ నవలా?"

"అదే చూద్దామని. ఎవరు చంపారో."

అంటూనే వదిలేశాడు. వెరిటీ వెనక్కి తూలి, కోఆప్ తల్లుల్లో ఒకరైన మిసెస్ ఓడెల్ అమ్మడానికి తెచ్చిన తియ్యటి దాల్చినచెక్క రోల్స్ ట్రేలో కూర్చుంది.

"అయ్యో! వేడిగా ఉన్నాయా?" అన్నాడు కంగారుగా.

"కావాలంటే కూర్చుని చూడండి!"

ఆ ట్రే మొత్తం అతనే కొనుక్కున్నాడు. అక్కడే నిలబడి ఒకటి తిన్నాడు కూడా. అది ఆమె కూర్చోని వైపుదేనని అనుకుందాం.

అతని పేరు థాడ్ బ్రూబేకర్. ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. చెల్లెలు జూనియాకి బడి పడక ఇంటికొచ్చేస్తే, తల్లికి ఆసుపత్రి డ్యూటీలు కాబట్టి, తనే ఉద్యోగం మానేసి చదువు చెబుతున్నాడు. పుస్తకాల అమ్మకం జరిగిన వారానికే కోఆప్‌లో చేరాడు. రెండో వారానికే, క్లాసుకి ఇటుక వద్దన్నాడు. అతని దగ్గర సన్నటి పుస్తకం ఒకటుంది. అందులో రాజుల కంటే రైతులు, నర్సులు, ఖైదీలు ఎక్కువ మాట్లాడతారు.

"బడి కుర్రాడు," అంది బెర్నిస్ పెదవి విరిచి. "క్రిస్మస్ దాకా కూడా ఉండడు."

"ఉండడు," అంది వెరిటీ కూడా. అన్న వెంటనే ఎందుకో కుర్చీలోంచి లేచి, శుభ్రంగా ఉన్న సింకును మళ్ళీ తోమింది.

వేసవంతా శుక్రవారాలు పార్కులో పిల్లలు ఆడుకుంటుంటే, రేకుల షెడ్డు కింద వీళ్ళిద్దరూ వాదించుకున్నారు. వాన పడితే అరుచుకున్నారు, రేకుల మీద చప్పుడుకి వినబడదు మరి.

"మొదట్నుంచీ చదవకపోతే అసలు ఎలా అర్థమవుతుంది?"

"నువ్వు నన్ను మొదట్నుంచీ చదివావా? అర్థం కాలేదా?"

"కాలేదు!"

"ఎక్కడ మొదలుపెట్టావు?"

"దాల్చినచెక్క దగ్గర!"

అతను నవ్వాడు. నవ్వితే అతని ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది. ఈ సంగతి గమనించకుండా ఉండడానికి వెరిటీ చాలా కష్టపడుతోంది. వాన వెలిసిన సంగతి ఇద్దరూ గమనించలేదు. ఇంకా అరుస్తూనే ఉన్నారు. పిల్లలు ఊయలలాపి చూస్తున్నారు.

కోఆప్‌లో చేతులెత్తి ఓటేసే పద్ధతి లేదు. పుస్తకానికి ప్రతి ఇల్లూ సరేననాలి. ఒక్క తల్లి తల అడ్డంగా ఊపినా అంతే. ఆగస్టులో కోఆప్ వాళ్ళంతా కలిసి చేసుకునే విందులోగా తేలకపోతే క్లాసే ఉండదు, ఎవరి బల్ల దగ్గర వాళ్ళే.

విందుకి ముందు శుక్రవారం థాడ్ మామూలుగా వాదించలేదు.

"స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక బళ్ళో ఉద్యోగం ఇస్తామన్నారు," అన్నాడు. "జూనియాకి కూడా అక్కడ చిన్న బడేదో నచ్చింది. సోమవారం చెప్పాలి. ఇక్కడ క్లాసుంటే ఉండిపోదామని. లేకపోతే…"

"నీ పుస్తకాన్ని ఒప్పుకోమని బెదిరిస్తున్నావా?"

"లేదు, వెరిటీ. ఊరికే చెబుతున్నా."

ఆమె కాళ్ళు ఒకచోట నిలవలేదు. శనివారమంతా ఇల్లు తిరిగింది. బంగాళాదుంపలు తరగడం మొదలుపెట్టి, మధ్యలో కోళ్ళ దగ్గరకెళ్ళి, వాటికి మేత వేయకుండానే తిరిగొచ్చింది. అతని పుస్తకానికి సరే అంటే తను ఇన్నాళ్ళూ చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టు. అనకపోతే అతను వెళ్ళిపోతాడు. రెంటిలో ఏది ఎక్కువ బాధో ఆమెకి బాగా తెలుసు. తెలిసినా నోరు రాలేదు. ఎంతైనా బెర్నిస్ కూతురు.

ఆదివారం, విందునాటి సాయంత్రం చర్చి హాలు కిటికీల మీద వాన జల్లుజల్లుగా కొడుతోంది. థాడ్ తన సన్నటి పుస్తకం పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. తల్లులు వండి తెచ్చిన క్యాసరోల్ గిన్నెలతోపాటు తమ ఇళ్ళలోని ఇటుకల్ని కూడా మోసుకొచ్చారు. ఎవరూ కొత్తవి కొనక్కర్లేదని చూపించడానికి వెరిటీయే తెమ్మంది. అన్నీ పొడుగు బల్ల మీద గుట్టగా పడున్నాయి.

కూర్చోలేక, వాటిని సర్దింది. ఒకదాని మీద ఒకటి, వెన్నులన్నీ ఒకవైపుకి. ఆపైన ఇటువైపొచ్చి కాగితాల అంచులు చూసి ఆగిపోయింది.

ప్రతి పుస్తకానికీ అంచు ముందు భాగం గోధుమరంగు. వేళ్ళ జిడ్డు, జామ్ మరకలు, మడిచిన మూలలు. అక్కణ్ణుంచి చివరిదాకా మంచులా తెలుపు. మిసెస్ ఓడెల్ పుస్తకానిదీ అంతే. తమ ఇంటి పుస్తకానిదీ అంతే. మేపుల్ సిరప్ మరక సరిగ్గా సీజరు దగ్గర ఆగింది.

తలెత్తింది. థాడ్ ఆమెనే చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు," అంది దగ్గరకెళ్ళి, గొంతు తగ్గించి. "ఆ రోజు పట్టుకున్నదందుకేనా?"

"చివరి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ఎవరూ ఒక్కసారి కూడా తెరవలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేది కాదు. వెరిటీ గిరుక్కున తిరిగి, చెంచాతో నిమ్మరసం జగ్గు మీద కొట్టింది.

"అందరూ ఒకసారి ఇటొచ్చి ఈ అంచులు చూడండి."

వచ్చారు. చూశారు.

"మాకు పంట కోతలు," అంది మిసెస్ ఓడెల్.

"మాకు కవలలు," అంది ఇంకొకావిడ.

"ఎండకి," అంది బెర్నిస్ స్థిరంగా. "ఎండకి కాగితాలు తెల్లబడతాయి."

"వెనక కాగితాలే తెల్లబడ్డాయా అమ్మా?"

"అటువైపు కిటికీ ఉందే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెరిటీ నవ్వలేదు. ఆమె మెడ ఎర్రబడింది.

"పుస్తకం ఇదే ఉంచుదాం. కొత్తవి కొనే పని లేదు. కానీ ఈజిప్టు దగ్గర మొదలుపెట్టను. ఎక్కడ తెల్లగా ఉందో అక్కణ్ణుంచి చెబుతా. మనుషులు మాట్లాడాల్సిన చోట థాడ్ పుస్తకం చదివిస్తా. ఈ ఏడు చివరి పేజీ చూడకుండా ఎవరినీ ఇంటికి పంపను, నారు దిగినా సరే, జలుబు చేసినా సరే."

ఒక్కొక్క తల్లీ తలూపింది. చివరికి బెర్నిస్ మిగిలింది. హాలంతా ఆవిడ మెడ వంక చూసింది. అది చాలాసేపు గట్టిగా నిలబడి, ఆఖరికి కొంచెం కిందికి వంగింది.

"పిల్లలు విసిగించకుండా ఉంటే అదే చాలు," అంది.

థాడ్ బయట వరండాలో దొరికాడు. వాన ఏటవాలుగా కొడుతుంటే సగం తడిసి, సన్నటి పుస్తకాన్ని చొక్కాలో దాచుకుని నిలబడ్డాడు.

"సోమవారం ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నన్నడుగుతావేం? నీ ఇష్టం."

"వెరిటీ, మళ్ళీ ఈజిప్టు నుంచేనా?"

ఆమె వరండా ఆ చివరికి నడిచింది. తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళబోయి ఆగింది.

"సరే, తెల్ల పేజీలే. నువ్వు వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే శుక్రవారాలు ఏం చేసుకోవాలో నాకు తెలియదు. మిగతా వారమంతా శుక్రవారం కోసమే ఏదో ఒకటి చేసుకుంటున్నా. చాలా? ఇంకా చదవాలా?"

"చివరిదాకా చదువు. నాకు చివర్లంటే ఇష్టం."

"నువ్వంటే ఇష్టం," అంది. అంత గట్టిగా అననక్కర్లేదు, ఇక్కడ రేకుల కప్పు లేదు.

అతని ఎడమ కన్ను ముందు మూసుకుంది. ఈసారి గమనించిన సంగతి ఆమె దాచుకోలేదు. అతను చెయ్యి చాచాడు, ఆమె పట్టుకుంది. ఆ చేతుల మధ్య వాననీళ్ళు తప్ప పుస్తకమేమీ లేదు.

తలుపు కిర్రుమంది. ఖాళీ క్యాసరోల్ గిన్నె చంకన పెట్టుకుని బెర్నిస్ బయటికొచ్చింది. తడిసిన ఇద్దర్నీ చూసింది, కలిసిన చేతుల్ని చూసింది. కారు వైపు రెండడుగులు వేసి, వానలోనే ఆగింది.

"ఏయ్ అబ్బాయ్! క్రిస్మస్‌కి మా ఇంటికొస్తావా?"

"వస్తాను, బెర్నిస్ గారూ."

"ఊఁ." గిన్నె ఈ చంకనుంచి ఆ చంకకి మార్చింది.

"వెరిటీ."

"ఏంటమ్మా?"

"ఆ పుస్తకాన్ని నేనెప్పుడూ చీకటి అలమరాలోనే పెట్టేదాన్ని. దానికి ఎండ తగలనే లేదు." వాన నీళ్ళు ముక్కు మీంచి కారుతుంటే తుడుచుకోకుండా అంది. "తప్పు నాదే."