ఆకురాలిన ఏడు చెట్లు

"చచ్చిపోయాయని మీకెవరు చెప్పారు?"

వెనక్కి తిరిగాను. ఒకమ్మాయి. చేతులనిండా మట్టి, ముక్కుమీద కోపం. పక్కనున్న నర్సరీ పెద్దాయన కూతురట.

రోడ్డు వెడల్పు చేసే ఆఫీసులో నేను కొత్త సర్వేయర్ని. ఎండిన చెట్లయితే కొట్టేస్తారు, బతికున్నవయితే రోడ్డునే పక్కకి తిప్పాలి. ఒక్క ఆకైనా లేని ఈ ఏడింటినీ ఎండినవాటి జాబితాలో ఎక్కించేశాను.

"ఆకేదండీ మరి?" అన్నాను ధీమాగా.

"నాలుగేళ్ళు పోతే మీ నెత్తిమీదా ఏం మిగిలేలా లేదు. మిమ్మల్నీ జాబితాలో రాసేద్దామా?"

నా చెయ్యి దానంతటదే నెత్తిమీదికి వెళ్ళింది.

"బెరడు గోటితో గీకి చూడండి."

గీకాను. లోపల పచ్చగా, తడిగా ఉంది.

"పూతకి ముందు ఆకులన్నీ రాల్చేస్తాయివి. ఎక్కడినుంచో తెచ్చినవి కావు, ఈ నేలవే. కొండమీద గింజలేరుకొచ్చి మా నాన్న పెంచారు. పదిరోజులాగితే ఇక్కడంతా పసుపు పూలే."

"ఎల్లుండే కొట్టేస్తారండీ."

అంతసేపు నన్ను దులిపేసిన మనిషి పెదవి కొరుక్కుని అటు తిరిగిపోయింది. నేను అక్కడే ప్రేమలో పడిపోయాను.

మర్నాడు ఆఫీసులో అభ్యంతరాలు వినే మీటింగు. వెనక వరసలో తండ్రీకూతుళ్ళు.

"చెట్లు సరిగ్గా చూశావా?" అన్నారు బాస్. అవునంటే నా ఉద్యోగం భద్రం.

లేచి నిలబడ్డాను. "లేదు సార్. జీపులోంచే చూసి రాసేశాను. తప్పు నాదే. ఏడూ బతికే ఉన్నాయి."

అందరిముందూ చీవాట్లు తిన్నాను. ప్రొబేషన్ ఇంకో ఆరునెలలు పెరిగింది. రోడ్డు మాత్రం పక్కకి తిరిగింది.

పన్నెండోరోజున చెట్లు విరగబూశాయి. కొమ్మ కనబడితే ఒట్టు.

"రెండ్రోజులు లేటు," అన్నాను.

"మీ జాబితాకంటే నయమే."

పెద్దాయన నవ్వాడు. "బాబూ, 'అంతమందిలో లేచి తప్పు నాదే అన్నాడు నాన్నా' అని ఇంట్లో పదిసార్లు చెప్పింది. నా చెట్ల గురించి కూడా అంత గొప్పగా ఎప్పుడూ చెప్పలేదు."

"నాన్నా!"

ఇంక ఆగలేకపోయాను. "మీరంటే నాకు ఇష్టమండీ. మీ తిట్లతో సహా. పెళ్ళి చేసుకుందామా?"

ఇంతలో స్కూటర్ మీద పోతున్న ఒకావిడ ఆగి, నోరు తెరుచుకుని పైకి చూసింది.

"ఎవరివమ్మా ఈ చెట్లు?"

"మా నాన్నవి."

"మరి ఈయనెవరు?"

ఆమె నా పక్కకి వచ్చి, తలెత్తి నిలబడింది.

"నన్ను చేసుకోబోయే ఆయన," అంది, పక్కవీధికి కూడా వినబడేలా.