కదలని టికెట్

"ఇక్కడ పౌనా చాయ్ దొరుకుతుందా?"

"దొరుకుతుంది. ఉస్మానియా బిస్కెట్ మాత్రం అయిపోయింది."

కోడ్ సరిపోయింది. నారాయణగూడ ఇరానీ హోటల్ పైన, ఫొటో స్టూడియో బోర్డున్న గది తలుపు తెరుచుకుంది. ఏజెంట్ ఇంద్రసేన లోపలికి నడిచాడు.

చీఫ్ జగన్నాథరావు స్క్రీన్ మీద ఒక ఫొటో వేశాడు. నున్నటి గుండు, బంగారు ఫ్రేమ్ కళ్లజోడు.

"జోగారావు. గ్రే హెరాన్ అనే విదేశీ ముఠాకి కొరియర్. మన రాడార్ డిజైన్ ఉన్న చిప్ ఇతని కళ్లజోడు కేసులో ఉంది. గురువారం సింగపూర్ ఫ్లైట్."

"ఇక్కడే పట్టేద్దాం సర్."

"పడితే అక్కడ కొనేవాడు మాయమవుతాడు. జోగారావు నకిలీ చిప్‌తో వెళ్లాలి. దిగగానే మనవాళ్లు ఇద్దర్నీ పట్టుకుంటారు." చీఫ్ నకిలీ చిప్ ఉన్న అచ్చం అలాంటి కేసే బల్ల మీద పెట్టాడు. "నువ్వు అదే ఫ్లైట్‌లో అతని పక్కనే కూర్చుని, అతని కేసు తీసి ఇది పెట్టాలి. ఫుల్ ఫేర్ టికెట్ తీసుకో. ఇది ఆర్డర్."

"యెస్ సర్."

మర్నాడు అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్ కింద చిన్న ట్రావెల్స్ ఆఫీసు. లోపల రాగిణి. సన్నటి నల్లచీర, చూస్తే చూపు తిప్పుకోలేని మొహం. ముఠా టికెట్లన్నీ ఆమే బుక్ చేస్తుంది. నాలుగేళ్లుగా ఆమె మన మనిషని చీఫ్‌కీ ఇంద్రసేనకీ తప్ప ఎవరికీ తెలియదు.

"నీ టికెట్ చూపియ్ సాబ్."

చూపించాడు. గర్వంగానే. నెట్‌లో వెతికి వెతికి పట్టుకున్న టికెట్ అది.

"ఇదేంది, టి క్లాస్ తీసుకున్నవ్?"

"ఎకానమీయే కదా. వాడిదీ ఎకానమీయే."

"సీటు ఒక్కటే, అక్షరం వేరు. వానిది వై. ఫుల్ ఫేర్. ఆఖరి నిమిషంల ఫ్లైట్ మార్చుకోవచ్చు. వెయిటింగ్ లిస్టుల వాని పేరే ముందల ఉంటది. నీది ప్రోమో. మారదు, వాపస్ కాదు. పోతే గా ఫ్లైట్‌కే పోవాలె."

"అదే సీటు, అదే ఉప్మా. దానికి మూడింతలు ఎవడు కడతాడండీ?"

"పారిపోయేటోడు కడతడు."

ఇంద్రసేన నవ్వేశాడు. అతనిది చిక్కడపల్లి. అక్కడ ఎక్కడికెళ్లావని తర్వాత అడుగుతారు, టికెట్ ఎంతకి దొరికిందని ముందు అడుగుతారు. ఫుల్ ఫేర్ కొన్నానని చెప్తే బావ కాశీవిశ్వనాథం ఏడాదంతా ఏడిపిస్తాడు.

"గీ పని అయితే నాకు ఛుట్టీ సాబ్" అంది రాగిణి. "చీఫ్ మాట ఇచ్చిండు. అడిక్‌మెట్‌ల మా అక్క పక్కిల్లు కిరాయికి మాట్లాడుకున్న. రాగిణి అని కాదు, నా అసలు పేరుతోని. జర జాగ్రత్త."

గురువారం, శంషాబాద్. ఇంద్రసేన బట్టల వ్యాపారి వేషంలో ఉన్నాడు. సఫారీ సూటు, పెట్టుడు మీసం. అతని ముందే జోగారావు కౌంటర్లో ఏదో అన్నాడు. బోర్డింగ్ పాస్ తీసుకుని గబగబా కదిలాడు. కానీ అది వాళ్ల ఫ్లైట్‌ది కాదు. ఇంకాసేపట్లో సింగపూర్‌కే బయల్దేరే వేరే ఫ్లైట్‌ది!

ఇంద్రసేన కౌంటర్ మీదికి వంగాడు. "నన్నూ ఆ ఫ్లైట్‌కే మార్చండి."

"సారీ సర్. మీ ఫేర్‌లో మార్పు కుదరదు."

"కొత్త టికెట్ ఇవ్వండి. ఫుల్ ఫేర్ కడతాను!"

"ఫ్లైట్ ఫుల్ సర్. ఆఖరి రెండు సీట్లూ వెయిటింగ్ లిస్టులో ఉన్న వై క్లాస్ వాళ్లకి వెళ్లాయి."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. చెమటకి ఇంద్రసేన మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

"డబ్బా ఇయ్యి సాబ్."

వెనక రాగిణి. చేతిలో బోర్డింగ్ పాస్. రెండో సీటు ఆమెదే.

"మీరు... ముందే కొన్నారా?"

"నీ టి క్లాస్ చూసినంక కొనకుంటే ఎట్ల?"

"మీరు అతనితో ఎక్కితే ముఠాకి తెలిసిపోతుంది. మళ్లీ ఈ ఊళ్లో అడుగు పెట్టనివ్వరు."

"తెలుస్తది." ఆమె చెయ్యి చాపే ఉంది.

ఇంద్రసేన నకిలీ కేసు ఆ చేతిలో పెట్టాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

తన పనికిరాని ఫ్లైట్ పాస్‌తోనే సెక్యూరిటీ దాటి గేటు దాకా పరుగెత్తాడు. అద్దం అవతల, విమానం తలుపు దగ్గర రాగిణి తూలి జోగారావు మీద పడింది. అతని కేసు కింద పడింది. ఆమె వంగి, తీసి, నవ్వుతూ ఇచ్చింది. జోగారావు లోపలికి వెళ్లాడు. ఆమె వెనక్కి తిరిగి గేటు స్టాఫ్‌కి ఇంకో కేసు అందించింది.

ఆమె కూడా లోపలికి వెళ్లగానే తలుపు మూసుకుంది.

"ఇంద్రసేన గారంటే మీరేనా? కళ్లజోడు మర్చిపోయారట" అంటూ స్టాఫ్ అమ్మాయి కేసు తెచ్చిచ్చింది. అసలు చిప్ అందులోనే ఉంది.

సింగపూర్‌లో జోగారావూ కొనేవాడూ దొరికారు. మిగతా ముఠా రాగిణి కోసం వెతుకుతోంది. ఆమె ఎక్కడుందో చీఫ్‌కి కూడా తెలియదు.

"ఆమెకి రిటర్న్ టికెట్ ఉందిగా సర్" అన్నాడు ఇంద్రసేన, తల దించుకుని. "వై క్లాస్. ఏడాదిలో ఏ తేదీకైనా మార్చుకోవచ్చు."



ఇంద్రసేన అడిక్‌మెట్ వెళ్లాడు. టులెట్ బోర్డు మళ్లీ వేలాడుతున్న ఇంటిని రోడ్డు అవతలి నుంచి చూసి, పక్కనే ఉన్న రాగిణి అక్క తలుపు కొట్టకుండానే చిక్కడపల్లి వచ్చేశాడు. వాకిట్లో కాశీవిశ్వనాథం పేపర్ దించాడు.

"ఏరా బావా, సింగపూర్ టికెట్ ఎంతకి దొరికింది?"

"చాలా ఎక్కువ పడింది బావా."

"చూశావా! నాకు చెప్తే ఇంకా చీప్‌గా ఇప్పించేవాణ్ణి."